మేటర్ ముందుగా ఎవరికీ చూపించం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ, ఇటు ఆంధ్రలోని పాతపట్నం, అటు కాశీనగర్, గుణుపురం వైపూ మా ప్రెస్సుకు పనులిచ్చేవాళ్ళందరికీ నమస్కారం. కొద్ది రోజులుగా ఫోన్లు ఎక్కువయ్యాయి. "ప్రెస్సు మూసేశారటగదా?" అని ఒకరు, "మా పెళ్ళికార్డులకేమీ గొడవ రాదుగదా?" అని ఇంకొకరు. ప్రెస్సు మూయలేదు. పెళ్ళికార్డులకు ఏ గొడవా లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక జరిగిందంతా ఇక్కడే రాసేస్తున్నాను.

ఒక కాలనీవాళ్ళు మా దగ్గర కరపత్రం వేయించుకున్నారు. పైపులు వేశారు, బిల్లు పాసైంది, నీళ్ళు మాత్రం రావడం లేదు, ఆ ఖర్చు లెక్క బయటపెట్టండి అన్నది అందులో విషయం. ఒకటికి ఎనిమిది డెమ్మీ సైజు, గులాబీరంగు కాగితం, ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. తిట్లు లేవు, కులం ప్రస్తావన లేదు, ఎవరింటి సంగతీ లేదు. అడుగున మా ప్రెస్సు పేరు, ఊరు వేశాం. అవి పంచాక ఒక కార్యాలయం నుంచి ఒకాయన వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, టీ తాగారు. "ఏటండీ, ఎందుకొచ్చిన గొడవ మీకు? ఇకమీదట వాళ్ళ మేటర్ ఏదొచ్చినా అచ్చుకు ముందు నాకు వాట్సాప్‌లో పెట్టేయండి. చూసి చెప్తాను" అన్నారు. "అదే మాట కాగితం మీద రాసివ్వండి సార్, ఫైల్లో పెట్టుకుంటాను" అన్నాను. ఆయన నవ్వి, గోడకున్న ట్రేడ్ లైసెన్సు కేసి చూసి, "రెన్యూవల్ ఎప్పుడు?" అని అడిగి లేచారు. ఆ కాగితం ఇంతవరకూ రాలేదు.

ఆ కార్యాలయానికి ఏటా మేం వేసే రిజిస్టర్లు, రసీదు పుస్తకాల ఆర్డరు ఈసారి రాలేదు. పాత బిల్లొకటి ఆగి ఉంది. కారణం ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఇదే కారణమని నేనూ అనను. టెన్షన్ లేదంటే మాత్రం అబద్ధమే. మెషీను మీద బ్యాంకు అప్పుంది, కాగితం వ్యాపారికి బాకీ ఉంది, ఇద్దరు కుర్రాళ్ళ జీతాలున్నాయి.

ఎంతసేపూ ప్రెస్సువాడి దగ్గరికే ఎందుకొస్తారని మా పెద్ద కుర్రాడు అడిగాడు. రాసినవాడు ఎక్కడుంటాడో వెతకాలి, పట్టుకున్నా నేను రాయలేదనొచ్చు. ప్రెస్సుకైతే బోర్డుంటుంది, కరెంటు మీటరుంటుంది, లైసెన్సుంటుంది. బ్రిటిష్‌వాళ్ళకు ఇది బాగా తెలుసు. 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం ముద్రాపకుల చేత బాండు రాయించుకునేది, మాట తప్పితే మెషీన్లు జప్తు చేసేది. అచ్చుకు ముందే ప్రూఫులు సెన్సారు అధికారికి చూపించేవాళ్ళకు మాత్రం ఆ బాండు నుంచి మినహాయింపు. ఇంగ్లీషు పత్రికలకు ఆ చట్టమే వర్తించదు. కలకత్తాలో అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రి పూర్తి ఇంగ్లీషు పత్రికగా మారి తప్పించుకుంది. రిప్పన్ వైస్రాయిగా వచ్చాక ఆ చట్టం రద్దయింది. మా దుకాణానికి వచ్చినాయన అడిగింది కూడా ప్రూఫు చూపించమనే గదా, వాట్సాప్ ఒక్కటే కొత్త.

తర్వాతి సంగతులూ తెలిసినవే. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ఢిల్లీలో చాలా పత్రికలు ఉండే బహదూర్ షా జఫర్ మార్గ్‌లో ప్రెస్సులకు కరెంటు తీసేశారు. 2023 మార్చిలో అదే ఢిల్లీలో ప్రధానిని దింపాలంటూ పోస్టర్లు వెలిస్తే పోలీసులు పదుల కొద్దీ ఎఫ్‌ఐఆర్‌లు కట్టారు. అరెస్టయినవాళ్ళలో ప్రెస్సు యజమానులు ఇద్దరున్నారు. పోస్టరు మీద ప్రెస్సు పేరు లేదన్నది ఒక కారణంగా చూపించారు. 2025 జూన్‌లో ఆంధ్ర పోలీసులు హైదరాబాదు వెళ్ళి పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావుగారిని అరెస్టు చేసింది ఆయన టీవీ చర్చలో అతిథి ఒకరు అన్న మాటకు. నాలుగు రోజుల్లోనే సుప్రీంకోర్టు వదిలిపెట్టమంది. అతిథి అన్న ఆ మాట నాకూ నచ్చలేదు. అయినా అన్నవాడొకడైతే వేదిక ఇచ్చినవాణ్ణి లోపల వేయడమేమిటి?

ఏ పార్టీ మీదో కక్షతో రాస్తున్నాననుకోకండి. 2024 జూన్‌లో మా సరిహద్దుకు రెండు పక్కలా ప్రభుత్వాలు మారాయి. అంతకుముందు కరపత్రం కనపడితే కళ్ళెర్రజేసినవాళ్ళు ఇప్పుడు కరపత్రాలు వేయించుకోవడానికి మా మెట్లెక్కుతున్నారు. అప్పుడు వేయించుకున్నవాళ్ళకు ఇప్పుడు చూస్తే చిరాకు. నాకు ఇద్దరూ కస్టమర్లే.

సరిహద్దు అన్నాను గనక ఇంకో మాట. పాతపట్నం వైపు గొడవ మేటర్ మా దగ్గరికి, ఇక్కడి గొడవ మేటర్ అక్కడికి పట్టుకెళ్ళడం ఒక అలవాటైపోయింది, పక్క రాష్ట్రం పోలీసులు పట్టించుకోరనే ధీమాతో. గేటు దాటితే చట్టం మారదు. దేశమంతా ఒకే రాజ్యాంగం, ఒకే శిక్షాస్మృతి. ఆటో ఖర్చు దండగ. మీ ఊరి సమస్య మీ ఊళ్ళోనే, మీ పేరుతోనే అచ్చువేయించుకోండి. ఈ పర్లాకిమిడిలోనే రాజావారు కృష్ణచంద్ర గజపతి ఒడిశా రాష్ట్రం కోసం పోరాడారు, గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు ఒడిశాలో కలవడాన్ని ఒప్పుకోక 1936లో ఊరే వదిలి వెళ్ళిపోయారు. ఇద్దరూ తమ మాట తమ పేరుతోనే చెప్పారు.

చట్టం గురించి మా వకీలుగారిని అడిగి, నేనూ చదివి తెలుసుకున్నది చెబుతాను. 1950లో ఆర్గనైజర్ అనే వారపత్రికను అచ్చుకు ముందే కొంత మేటర్ చూపించమని ఢిల్లీ చీఫ్ కమిషనర్ ఆదేశిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే రోజు మద్రాసు ప్రభుత్వం క్రాస్ రోడ్స్ పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకపోవడాన్నీ కొట్టేసింది. ఒకటి సంఘ్‌వాళ్ళ పత్రిక, రెండోది వామపక్షాలది. నాకు నచ్చింది అదే. మరుసటి ఏడాదే రాజ్యాంగాన్ని సవరించి శాంతిభద్రతల కారణం చేర్చారు, కాబట్టి స్వేచ్ఛకు హద్దుల్లేవని ఎవరూ అనుకోవద్దు. ప్రభుత్వానికి ఒక అచ్చు కాగితం నిజంగా నేరమనిపిస్తే దారి ఉంది. కారణాలు రాసి, నోటిఫికేషన్ ఇచ్చి జప్తు చేయవచ్చు. దాని మీద రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్ళే హక్కు మనకుంటుంది. నాకు కావాల్సిందీ అలాంటి కాగితమే. నోటిమాట మీద నేను ఏ కోర్టుకెళ్ళను?

2025 మార్చి 28న కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే మాటల నేరాల్లో వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టేయకుండా ముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైన పద్ధతంది. ఆ మాటల్ని గట్టి మనసున్న మామూలు మనిషి ఎలా తీసుకుంటాడో చూడాలి గాని, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి లెక్కన చూడకూడదంది. ఈ తీర్పు కాపీ తీసి కౌంటరు సొరుగులో పెట్టాను.

ఇక మా పద్ధతులు. మీ మేటర్ అచ్చుకు ముందు మీకు, డీటీపీ చేసే అమ్మాయికి, నాకు తప్ప ఎవరికీ కనపడదు. రాతపూర్వక ఆదేశం వస్తే ముందు మీకు ఫోన్ చేస్తాను, తర్వాత వకీలుగారికి. మీ వైపు నుంచీ ఒకటి కావాలి: కరపత్రమైతే ఇచ్చినవాళ్ళ పేరు, అడ్రసు, సంతకం. ప్రూఫు మీద "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల కరపత్రమైతే ఇది మా ఇష్టాయిష్టాలకు వదిలిన సంగతి కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ప్రచురించేవాళ్ళ డిక్లరేషన్, దాని మీద ఇద్దరి సాక్షి సంతకాలు, కలెక్టరుకు ఒక కాపీ తప్పనిసరి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు. మామూలు కరపత్రాలకూ ప్రెస్సు పేరు వేయాలన్న 1867 నాటి చట్టం 2024 మార్చి 1 నుంచి పోయింది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం పత్రికలకే. మేం మాత్రం మా పేరు వేస్తూనే ఉంటాం. పేరు తీసేయమని అడగొద్దు.

వేయనివీ ఉన్నాయి. కులాన్ని, మతాన్ని తిట్టేవి, ఆడవాళ్ళ పరువు తీసేవి, అప్పు తీర్చలేదని ఒకడి ఫొటో వేసి ఊరంతా అంటించేవి. ఇవి వద్దన్నది నా నిర్ణయం, వేరే ప్రెస్సుకు మీరు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. ఎవరో ఫోన్ చేశారని మాత్రం ఏ పనీ వెనక్కివ్వను. రెండూ ఒకటేగదా అని మా బావమరిది వాదిస్తాడు. నేను వద్దంటే మీకు పక్క వీధిలో ఇంకో ప్రెస్సుంది. ప్రభుత్వం వద్దంటే పక్క వీధివాడూ వేయడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆఫీసు ఆర్డరు పోవడంతో చేతిలో పెట్టుబడి తగ్గింది, అందుకని అరువులు ఆపేశాం. వెయ్యి కాపీలు దాటిన పనికి సగం అడ్వాన్సు. రేట్లు పెంచలేదు. బిల్లు పుస్తకాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, శుభలేఖలు ఎప్పటిలాగే ఇస్తాం. ఈ ముహూర్తాలకు కార్డులు కావాల్సినవాళ్ళు మేటర్ ఈ వారంలోనే ఇవ్వండి. ఒడియా ప్రూఫు చూసే మాస్టారు ఊరెళ్తున్నారు, వచ్చేదాకా రెండు భాషల కార్డులు కొంచెం ఆలస్యమవుతాయి. కాలనీవాళ్ళు రెండో కరపత్రానికి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు. అది రేపు సాయంత్రానికి కటింగ్ అయిపోతుంది, వచ్చి తీసుకెళ్ళవచ్చు.