పైరు ఎండిపోయిందమ్మా, బాగున్నావా?

తిరుపతి,
ఆదివారం రాత్రి

బంగారు నాయనకు, అమ్మ దీవించి రాసేది.

మొన్న శుక్రవారం ఫోన్‌లో నువ్వు మాట్లాడిన తీరు మనసులోంచి పోవడం లేదు. "సర్వర్ తీసేద్దామనుకుంటున్నానమ్మా, వారం నుంచి ఒక్కడు కూడా రాలేదు" అన్నావు. నువ్వూ నీ స్నేహితులూ కలిసి దిమ్మెలు పేర్చి కట్టుకునే ఆ మైన్‌క్రాఫ్ట్ ఆట కోసం నువ్వు అద్దెకు నడిపే సర్వర్ గురించే కదా. ఎందుకు రావడం లేదురా అంటే "నీకు తెలీదులేమ్మా, అది గేమ్ విషయం" అని మాట మార్చి, నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగావు. వేసుకుంటున్నాడు. కానీ ఆ గేమ్ విషయం నాకు తెలుసు నాయనా. ఫోన్‌లో చెప్పబోతే మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీకు ఫార్మ్‌విల్ గుర్తుందా, ఆ సేద్యం ఆట? 2009లో మనం బైరాగిపట్టెడలో అద్దెకు ఉండేవాళ్లం. నువ్వు ఆరో క్లాసు. నీ చదువుకని మీ నాన్న కంప్యూటర్ కొని బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. ఆ ఏడాది జూన్‌లోనే ఫేస్‌బుక్‌లో ఆ ఆట వచ్చింది. దసరాకి వచ్చిన మీ మామ నాకు అకౌంట్ తెరిచి, నాలుగు మళ్లు దున్ని చూపించి, "అక్కా, సేద్యం ఇంట్లో పుట్టినదానివి, ఇక నువ్వు చూసుకో" అని వెళ్లిపోయాడు. అప్పటికి నాకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగా రాదు.

మొదట స్ట్రాబెర్రీ వేశాను. నాలుగు గంటల్లో పండుతుంది. పండాక టైముకి కోయకపోతే వాడిపోతుంది. ఆ లెక్క నా రోజు మొత్తాన్ని పట్టుకుంది. నిన్ను స్కూలుకి పంపి విత్తితే పన్నెండున్నరకి, అన్నం వార్చాక కోత. రాత్రి పడుకునే ముందు మాత్రం స్ట్రాబెర్రీ జోలికి పోకుండా పన్నెండు గంటల వరి వేసేదాన్ని. పొద్దున గోవిందరాజస్వామి గుడికి వెళ్లొచ్చి కోసుకోవచ్చు కదా. ఎప్పుడైనా మరిచిపోయి ఊరెళ్లి వస్తే మళ్లన్నీ గోధుమరంగు కాడలై వాలిపోయి ఉండేవి. వాటిని చూస్తే నిజంగా కడుపులో దేవినట్టుండేది.

ఒకసారి పాకాల దగ్గరి మన ఊరినుంచి తాత వచ్చాడు. నా వెనక కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాడు. శెనక్కాయలు నాలుగు నెలలు కనిపెట్టుకునే మనిషికి నాలుగు గంటల పంట ఏం అర్థమవుతుంది అనుకున్నాను. ఆయన అడిగిన మాట ఒకటే: "ఇందులో వాన ఎప్పుడు పడుతుంది పాపా?" వాన అక్కర్లేదు నాయనా, నీళ్లు కూడా పెట్టక్కర్లేదు అన్నాను. "మరి పైరు ఎందుకు ఎండుతుంది?" అన్నాడు. మనం రాకపోతే ఎండుతుంది అని చెప్పాను. తాత కాసేపు తల ఊపి, "అయితే వాన కంటే ఇదే కష్టం" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది నాకు.

నేను అన్నాళ్లు ఆడింది పంట కోసమే అనుకునేవు. పంట కోసం కాదురా, నైబర్ల కోసం, అంటే ఆటలో మన పక్క పొలాల వాళ్ల కోసం. ఒకరి పొలానికి ఒకరు వెళ్లి ఎరువు వేయాలి, కోళ్లకి మేత వేయాలి. గుర్రాల కొట్టం కట్టాలంటే మేకులు, చెక్కలు, ఇటుకలు నైబర్లని అడిగి తెచ్చుకోవాలి. ఒక్కరే కూర్చుని కడితే అది ఎన్నటికీ లేవదు. అలా ఆట నన్ను మనుషుల దగ్గరికి తోసింది. మా గుంపులో ఇరవై మంది దాకా ఉండేవాళ్లం, దాదాపు అందరం తెలుగు ఆడవాళ్లమే. మదనపల్లె టీచరమ్మ, కడప నుంచి దుబాయ్ వెళ్లిన అమ్మాయి, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆమె, న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్న అక్క. ఆమెది మన నెల్లూరే. మనకి పొద్దున అయితే ఆమెకి రాత్రి. నేను స్ట్రాబెర్రీ విత్తి ఇంటిపనికి లేచే వేళకి ఆమె ఎరువు వేసి పడుకునేది.

టీచరమ్మ వాళ్ల నాన్న పోయినప్పుడు ఆమె పదకొండు రోజులు రాలేదు. ఆమె పంటని కోసి ఇవ్వడం మా చేతిలో లేదు, ఆటలో ఆ వీలు లేదు. అయినా అందరం రోజూ ఆమె పొలానికి వెళ్లి చేయగలిగింది చేసి వచ్చేవాళ్లం. కర్మ అయ్యాక ఆమె వచ్చి చూసుకుని, "ఇల్లు ఊడ్చిపెట్టినట్టు ఉంది నా పొలం" అని రాసింది. ఆటలో కంపెనీ వాళ్లు హైతీ పిల్లల కోసం చిలగడదుంప విత్తనాలు అమ్మినప్పుడు, అందులో వచ్చిన డబ్బులో సగం అక్కడి స్కూళ్లకి వెళ్తుందని విని న్యూజెర్సీ అక్క తన కార్డుతో కొన్నది. 2010 జనవరిలో ఆ దేశంలో భూకంపం వచ్చినప్పుడు మేం టీవీలో మనవాళ్ల కోసం చూసినట్టు చూశాం.

ఆ రోజుల్లో నెలకి 8 కోట్ల మందికి పైగా ఆడేవారు. ఐదారు వారాల్లో తయారుచేసిన ఆట అంత మందిని పట్టుకుంది. అదే ఏడాది టైమ్ పత్రిక చెత్త ఆవిష్కరణలు 50 అని జాబితా వేసి అందులో దీన్నీ చేర్చింది. మీ నాన్న చదివి వినిపించాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పెళ్లయిన పన్నెండేళ్లలో నాకంటూ ఏర్పడిన మొదటి స్నేహాలు అవి. మీ నాన్న స్నేహితుల భార్యలు, నీ స్నేహితుల తల్లులు ఉండేవాళ్లు. నా పేరు పెట్టి పిలిచేవాళ్లు మాత్రం అక్కడే దొరికారు.

తర్వాత తగ్గడం మొదలైంది. ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. నైబర్లు అడిగే మేకులూ ఆవుదూడలూ ఆడని వాళ్ల ఫేస్‌బుక్ గోడల నిండా కనబడి వాళ్లకి విసుగొచ్చింది. 2010 మార్చిలో ఫేస్‌బుక్ వాళ్లు ఆటల నోటిఫికేషన్లు తీసేశారు. అప్పటిదాకా గంట మోగినట్టు పిలిచేది ఆగిపోయింది. డిసెంబర్‌లో ఫార్మ్‌విల్ కంపెనీయే సిటీవిల్ అని ఇంకో ఆట తెచ్చింది, సగం మంది అటు నడిచారు. 2011లో ఫార్మ్‌విల్‌లోనే ఇంగ్లండ్‌లో రెండో పొలం ఇచ్చారు. ఒక పొలానికే టైము చాలని వాళ్లకి రెండు పొలాలు! టీచరమ్మ అప్పుడే, "ఇది స్కూల్లో ఇన్‌చార్జి డ్యూటీ లాగా అయింది" అని చెప్పి ఆగిపోయింది. చెప్పి ఆగింది చూడు, అది నాకు బాగా గుర్తు. దుబాయ్ అమ్మాయికి పాప పుట్టింది. బ్యాంకు ఆమెకి ట్రాన్స్‌ఫర్ అయింది. ఎవరూ ఎవరి మీదా కోపంతో పోలేదు. ఒక్కొక్కరి పొలానికి వెళ్తే ఎండిన కాడలు, వాటి మధ్య ఒక ఆవు నిలబడి ఉండేది.

నేను ఎలా పోయానో చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా సరిగా చెప్పలేదు.

2012 జూలైలో, ఊళ్లో శెనక్కాయలు విత్తే రోజుల్లో, తాత చేను గట్టు మీద పడిపోయాడు. ఇక్కడికి తెచ్చాం. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలోనే. నీకు క్యారేజీ కట్టి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తేదాన్ని. కంప్యూటర్ మీద నేనే గుడ్డ కప్పాను. తాత పోయాక ఆ గుడ్డ తీయలేదు. స్ట్రాబెర్రీ కనబడితే వెనక కుర్చీలో తాత కూర్చున్నట్టు ఉంటుందని భయం. అది ఒక కారణం. కానీ ఒక్క మాట రాసి ఉండొచ్చు కదా. రాయలేదు.

మరుసటి ఏడాది నువ్వు ఏదో ప్రాజెక్టుకని నా అకౌంట్ తెరిచి, "అమ్మా, నీకు ఎన్ని మెసేజ్‌లో" అన్నావు. నువ్వు మరిచిపోయి ఉంటావు. అన్నీ న్యూజెర్సీ అక్కవే. మేకులు పంపింది, కోడిపిల్లని పంపింది, చెట్టు పంపింది. మధ్యమధ్య మాటలు. "ఏమ్మా, ఊరెళ్లావా?" "పైరు ఎండిపోయిందమ్మా, బాగున్నావా?" చివరిది సంక్రాంతి రోజున: "నీకేమైనా అయిందేమోనని భయంగా ఉంది. అడగడానికి మీ ఇంట్లోవాళ్లు ఎవరూ నాకు తెలియదు." ఆరు నెలలు ఒక మనిషి నా కోసం టెన్షన్ పడింది నాయనా. సిగ్గేసింది. ఇంత ఆలస్యంగా ఏం చెప్పాలి అనుకున్నాను, మూసేశాను. అలా ఇంకో ఏడేళ్లు.

2020 సెప్టెంబర్ చివర్లో కంపెనీ వాళ్లు ఆట ముగిస్తున్నామని చెప్పారు. ఆ ఆట నడిచేది ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద. అడోబీ కంపెనీ దాన్ని ఆ ఏడాది చివరితో ఆపేస్తోంది, కాబట్టి డిసెంబర్ 31 ఆఖరు రోజు. నవంబర్ 17 నుంచి డబ్బు పెట్టి కొనడం కూడా ఆపేశారు. మూడు నెలల ముందే చెప్పారు, ఆ పని వాళ్లు మర్యాదగా చేశారు.

అప్పుడు నువ్వు ఆఫర్ లెటర్ వచ్చి, జాయినింగ్ ఆగిపోయి ఇంట్లో ఉన్నావు. ఆ లాక్‌డౌన్‌లోనే మీరందరూ కలిసి మైన్‌క్రాఫ్ట్‌లో చంద్రగిరి రాజమహల్ కట్టారు. మూడంతస్తులూ, పైన శిఖరాలూ. అసలు కోటలో కట్టె ముక్క వాడలేదని, మీరు కూడా చెక్క దిమ్మె ఒక్కటి పెట్టకూడదని పందెం వేసుకున్నారు. గుంటూరు పిల్లాడు మెట్లు మూడుసార్లు పడగొట్టి కట్టాడని చెప్పి నవ్వేవాడివి. నీ గదిలోంచి ఆ మాటలు, ఆ కేకలు వినబడుతుంటే హాల్లో నేను నీ పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఎనిమిదేళ్ల తర్వాత నా పొలం తెరిచాను. అంతా ఎండి ఉంది. దున్ని, వరి వేశాను. న్యూజెర్సీ అక్క పొలానికి వెళ్తే పచ్చగా ఉంది. ఆమె ఒక్కరోజు కూడా మానలేదు.

రాశాను. తాత సంగతి, సిగ్గు సంగతి, అంతా. మర్నాడు జవాబు: "బతికే ఉన్నావా తల్లీ. చాలు." ఆ మిగిలిన రోజులన్నీ ఇద్దరం ఎరువు వేసుకున్నాం. 31 రాత్రి నేను కోత కోసి, మళ్లీ విత్తకుండా దున్ని వదిలేశాను. మన ఊళ్లో పంట అయ్యాక చేను అలాగే వదులుతారు కదా.

అందుకని నీకు చెప్తున్నాను. మీవాళ్లు రావడం లేదని వాళ్ల మీద మనసు కష్టపెట్టుకోకు. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, నైట్ షిఫ్టులు. నువ్వు సరిగ్గా నడపలేదని కూడా అనుకోకు. అన్నేళ్లు నెలనెలా అద్దె కట్టి దీపం ఆరకుండా ఉంచింది నువ్వే. తీసేయాలనుకుంటే తీసెయ్. కానీ రాత్రికి రాత్రి తీసేయకు. ఒక తేదీ పెట్టు. ఒక్కొక్కరికీ విడిగా, పేరు పెట్టి రాయి. గుంపులో ఒక మెసేజ్ పడేసి ఊరుకోకు. ఏడాదిగా రాని వాళ్లకి ముందు రాయి. నాలాగా సిగ్గుపడి రాలేక ఆగిపోయిన వాళ్లు ఒకరిద్దరు ఉంటారు వాళ్లలో, నువ్వు రాస్తే వాళ్లకి దారి దొరుకుతుంది.

ఇంకొకటి. నా పొలం కంపెనీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది, వాళ్లు ఆపగానే పోయింది. నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. మీది అలా కాదని, ఆ లోకమంతా ఒక ఫోల్డర్‌లో ఉంటుందని, కాపీ చేసుకుంటే ఎవరి కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవచ్చని నువ్వే ఒకసారి చెప్పావు. తీసేసే ముందు ఆ ఫోల్డర్ అందరికీ పంపు. నాకూ పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టు.

న్యూజెర్సీ అక్క పోయిన వారం కూడా ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులట. నిన్ను అడిగింది. బాల్కనీలో కుండీలో స్ట్రాబెర్రీ వేసిందట, మూడు కాయలు కాశాయని ఫోటో పంపింది.

తోతాపురి కాయలు ఊరినుంచి వచ్చాయి, ఆవకాయ కాకుండా నీకిష్టమని ముక్కల పచ్చడి పెట్టాను. పుణె వచ్చే వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, డబ్బా కట్టి ఇస్తాను.

ఆఖరు రోజు ఏ తేదీ పెడతావో, ఎన్ని గంటలకో నాకు ముందే చెప్పు. ఆ రోజు నేనూ వస్తాను. అందులో ఎలా నడవాలో నాకు రాదు, ఫోన్‌లో ఉండి నేర్పించు. ఆ గుంటూరు పిల్లాడు కట్టిన మెట్లెక్కి రాజమహల్ పైకి వెళ్లి చూడాలని ఉంది.

ఇట్లు,
అమ్మ