తవ్వమనేదీ వాళ్లే, తనిఖీ చేసేదీ వాళ్లే

సంపాదకుల గారికి,

2024 జనవరిలో కాకినాడ తీరానికి 30 కిలోమీటర్ల దూరంలోని 98/2 బ్లాకు (ఓఎన్‌జీసీ ఆయిల్ తవ్వే సముద్ర ప్రాంతం) నుంచి మొదటిసారి ముడిచమురు వచ్చినప్పుడు ఆ సంగతి కేంద్ర పెట్రోలియం మంత్రి స్వయంగా ప్రకటించారు. మంచిదే, దేశానికి ఆయిల్ కావాలి, కాదనను. కానీ రేపు అదే బావి దగ్గర ఏదైనా జరగరానిది జరిగితే కూడా ఆ మంత్రే ముందుకొచ్చి మాట్లాడతారా, లేక కంపెనీ ప్రెస్‌నోట్‌తో సరిపెడతారా? ఇప్పటిదాకా జరిగినవి చూస్తే నాకైతే నమ్మకం లేదు.

2005 జూలై 27న ముంబై తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న ఓఎన్‌జీసీ ఆయిల్ ప్లాట్‌ఫాం ముంబై హై నార్త్‌లో ఏమైందో గుర్తుందా? ఓ సహాయ నౌకలో వంటవాడి వేళ్లు తెగాయి, అతన్ని చికిత్స కోసం ప్లాట్‌ఫాం మీదికి చేర్చాలి. గాలి తక్కువగా ఉండే వైపు క్రేన్ పనిచేయట్లేదు, అందుకని నౌకను గాలి తోసే వైపు తీసుకొచ్చారు. అలల్లో అది ఊగి, ప్లాట్‌ఫాం పక్కనుంచి పైకెళ్లే గ్యాస్ పైపును గుద్దేసింది. రెండు గంటల్లో ప్లాట్‌ఫాం మొత్తం కాలి సముద్రంలో కూలిపోయింది, 22 మంది పోయారు. చెడిపోయిన ఒక క్రేన్, అడ్డుకట్ట లేని ఒక పైపు. ఇలాంటివి పట్టుకోవడానికే కదా తనిఖీ అనేది ఒకటుంది?

2021 మేలో తౌక్టే తుపాను వస్తోందని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. అయినా ఓఎన్‌జీసీ పనులు చేసేవాళ్లు బస చేసే పీ-305 బార్జి 261 మందితో ముంబై హై దగ్గరే ఉండిపోయి మునిగింది. దాంతోపాటు మునిగిన టగ్‌బోటునూ కలిపితే 86 మంది చనిపోయారు. పోలీసులు కేసు పెట్టింది బార్జి కెప్టెన్ మీద, పాపం ఆయనా ఆ ప్రమాదంలోనే పోయాడు. పెట్రోలియం శాఖ కమిటీ వేసి నెలలో రిపోర్టు ఇమ్మంది. జూలైలో మంత్రివర్గంలో మార్పులు జరిగి పెట్రోలియం మంత్రి విద్యాశాఖకు వెళ్లిపోయారు (ప్రమాదానికీ దానికీ సంబంధం ఉందని నేననట్లేదు), ఇక అడిగేదెవరిని? కాంట్రాక్టరు, ఓడ యజమాని, ఓఎన్‌జీసీ, షిప్పింగ్ శాఖ, ఎవరికి వారే యమునా తీరే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, బ్లాకులు వేలం వేసేది పెట్రోలియం శాఖ, ఉత్పత్తి ఎందుకు పెరగలేదని నిలదీసేది ఆ శాఖే, ఓఎన్‌జీసీ ఆ శాఖ కిందే ఉంది, సముద్రంలో డ్రిల్లింగ్ సేఫ్టీని చూడాల్సిన ఆయిల్ పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ (ఓఐఎస్‌డీ) కూడా ఆ శాఖ కిందే. పైగా ఓఐఎస్‌డీలో ఉండేవాళ్లు చాలామంది ప్రభుత్వ ఆయిల్ కంపెనీల నుంచే డెప్యుటేషన్ మీద వస్తారు, టర్మ్ అయిపోగానే మళ్లీ ఆ కంపెనీకే వెళ్లాలి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, రేపు తన ప్రమోషన్ ఫైలు ఎవరి టేబుల్ మీదికి వెళ్తుందో తెలిసిన మనిషి ఈరోజు రిగ్గు (బావి తవ్వే యంత్రాంగం) ఆపేయమని రాయాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి?

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే ఏర్పాటు. లీజులిచ్చేది, రాయల్టీ వసూలు చేసేది, రిగ్గులు తనిఖీ చేసేది ఒక్కటే సంస్థ, ఎంఎంఎస్. 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో బీపీ కంపెనీ బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయాక, 87 రోజులపాటు ఆయిల్ సముద్రంలోకి కారాక, దాని బాగోతం బయటపడింది. ఒక ఆఫీసులో ఇన్‌స్పెక్టర్లు కంపెనీల నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్లు, భోజనాలు పుచ్చుకున్నారట. ఆయిల్ లీకైతే ఏం చేయాలో బీపీ కంపెనీ రాసిచ్చిన ప్లాన్‌లో వాల్‌రస్‌లను కాపాడే సంగతి ఉంది! అవి మంచు సముద్రాల్లో ఉండే జంతువులు, గల్ఫ్‌లో ఒక్కటి కూడా ఉండదు. అదే ప్లాన్‌లో సంప్రదించాల్సిన నిపుణుడిగా రాసిన ఒకాయన 2005లోనే చనిపోయారు. ప్రభుత్వం ఈ ప్లాన్‌ను ఆమోదించింది. అంటే ఎవరూ చదవలేదన్నమాట.

అక్కడా అందరూ ధర్మరాజులేం కాదు. పేలుడుకు మూడు వారాల ముందే కొత్త ప్రాంతాల్లో డ్రిల్లింగ్‌కు అనుమతిస్తామని ఒబామా ప్రకటించారు. ఎంఎంఎస్‌ను చూసే శాఖ మంత్రి సలాజార్ కుర్చీ కదల్లేదు, ఆ పేలుడుకు ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. కానీ ఐదు వారాల్లో ఎంఎంఎస్ డైరెక్టరు తప్పుకోవాల్సి వచ్చింది, బాధ్యత నాదేనని అధ్యక్షుడు విలేకరుల ముందు చెప్పాల్సి వచ్చింది, తర్వాత ఆ సంస్థను ముక్కలు చేసి సేఫ్టీని విడిగా పెట్టారు. ఆ బీపీకే 2011 నుంచి మన కృష్ణా-గోదావరి తీరంలోని కేజీ-డీ6 బ్లాకులో వాటా ఉంది, మొదట 30 శాతం, ఇప్పుడు 33 శాతం పైచిలుకు. ఆపరేటర్ రిలయన్స్. అక్కడ ఆర్ క్లస్టర్ బావులు 2,000 మీటర్ల పైచిలుకు లోతు నీళ్లలో ఉన్నాయి, గల్ఫ్‌లో పేలిన బావి దాదాపు 1,500 మీటర్ల లోతులో ఉండేది. 1995లో మంటలంటుకున్న కోనసీమలోని పాశర్లపూడి బావి నేల మీదే ఉంది, అన్ని వైపుల నుంచీ మనుషులు, యంత్రాలు వెళ్లగలిగినా మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. లెక్క మీరే వేసుకోండి.

ఇలాంటప్పుడు పట్టు బిగించాలి కదా, మనవాళ్లు సడలిస్తున్నారు. 2020 జనవరిలో అన్వేషణ డ్రిల్లింగ్‌ను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని కేటగిరీలోకి మార్చారు. నేలమీదే కాదు, సముద్రంలోనూ అంతే. 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన సవరణతో 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టంలో ఆరు నెలల జైలు శిక్ష పోయింది, దాని బదులు 25 లక్షల దాకా పెనాల్టీ, ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా. పాత జరిమానా వెయ్యి రూపాయలు, అది నవ్వులాటే, పెంచడం మంచిదే. కానీ వేల కోట్ల ప్రాజెక్టుకు 25 లక్షలంటే టీ ఖర్చు. పైగా ఇదంతా కంపెనీ కట్టేది, తనిఖీలో కళ్లు మూసుకున్న అధికారికో, ఆ అధికారి పైనున్న మంత్రికో ఏమీ లేదు.

సముద్రంలో ఓఎన్‌జీసీ పైప్‌లైన్ వేస్తుంటే వేట పోయిందని కోనసీమ మత్స్యకారులకు నెలకు 11,500 చొప్పున పరిహారం ఇచ్చారు, దాన్ని పంచడానికి మాత్రం నాయకులు బటన్ నొక్కే సభలు పెట్టారు. డబ్బు పంచేటప్పుడు వేదికెక్కేవాళ్లు తనిఖీ రిపోర్టు ఏదని అడిగితే కనిపించరేం?

కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం ఎంపీలు ముగ్గురూ అధికార కూటమి వాళ్లే, అడగడానికి వాళ్లకేం అడ్డం? గత ఐదేళ్లలో కేజీ ఆఫ్‌షోర్‌లో ఎన్ని తనిఖీలు చేశారు, ఎన్ని లోపాలు రాశారు, సరిచేయకుండానే డ్రిల్లింగ్ కొనసాగించినవి ఎన్ని, వాటికి ఎవరు సంతకం పెట్టారు, ఓఐఎస్‌డీని ఆ శాఖ నుంచి తప్పించి నేరుగా పార్లమెంటుకు జవాబు చెప్పేలా ఎప్పుడు చేస్తారు? రాతపూర్వక జవాబు ఇచ్చి చేతులు దులుపుకునే ప్రశ్న కాకుండా, మంత్రి సభలో లేచి నిలబడి చెప్పాల్సిన స్టార్ ప్రశ్న వేయండి.

— ఒక పాఠకుడు, కాకినాడ