బ్రాడీపేట మీసేవ తమ్ముడికి కృతజ్ఞతలు

తమ్ముడూ, నీ పేరు తెలియదు. మా ఇంటిల్లిపాది తరఫున నీకు కృతజ్ఞతలు.

ఏళ్ల తరబడి పొగాకు గ్రేడింగ్ చేసి అరిగిపోయిన అమ్మ వేలిముద్రలు మెషీన్‌లో పడలేదు. ఏటా జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామనే ధ్రువపత్రం, ఇవ్వకపోతే పీఎఫ్ పెన్షన్ ఆగిపోతుందని ఆమెకు ఒకటే టెన్షన్. నువ్వు విసుక్కోలేదు. వేళ్లు తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించావు. అయినా పడకపోతే ఫోన్‌లో ఫేస్ యాప్ తెరిచి, కుర్చీని వెలుతురు వైపు తిప్పి, "మామ్మగారూ, ఒక్కసారి రెప్పలార్పండి" అన్నావు. పనైపోయింది! ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పావు.

ముఖం చూపించి ఇంట్లోనే ఇచ్చే వీలు కొన్నేళ్లుగా ఉంది. మా అమ్మలాంటి వాళ్లకు అది చేరాలంటే పక్కన నీలాంటి మనిషి ఉండాలి. రుసుముకు మించి పైసా తీసుకోలేదు నువ్వు. చల్లగా ఉండు నాయనా అని అమ్మ దీవెన.