ఆ మాట నీది కాదు, నాది

తల్లీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. "నేను పని చేసేదాన్నే గానీ చేయించేదాన్ని కాదమ్మా, పొరపాటున నన్ను టీమ్ లీడ్‌ని చేశారు, ఇంకో రెండు నెలల్లో ఆ సంగతి వాళ్లకే తెలిసిపోతుంది" అన్నావు. నేను గబుక్కున "అదేం లేదులే, నువ్వు చేయగలవు" అనేశాను. నువ్వు "ఊఁ" అన్నావు. ఆ "ఊఁ" నా మాట నమ్మి అన్నది కాదని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువు.

"పని చేసేదాన్నే గానీ చేయించేదాన్ని కాదు" అన్న మాట నీది కాదు. నాది.

నీకు గుర్తుందో లేదో, అప్పుడు నీకు ఏడేళ్లుంటాయి. ఇంటికొచ్చినవాళ్లెవరో నిన్నేదో అడిగారు, పెద్ద ప్రశ్న కూడా కాదు. నువ్వు ఆలోచిస్తున్నావు, జవాబు పెదాల దాకా వచ్చింది, నాకు కనిపిస్తూనే ఉంది. అయినా నేను ఆగలేకపోయాను. "దీనికి నోరు లేదండీ, మాటలన్నీ వాళ్ల అన్నయ్యవే, ఇది మాత్రం చెప్పిన పని చెప్పినట్టు చేసేస్తుంది" అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నువ్వు నోరు మూసుకుని నా పక్కకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, వాచీ పట్టీ ఊడదీస్తూ మళ్లీ పెడుతూ వాళ్లు వెళ్లేదాకా అలాగే నిలబడ్డావు. ఆ తర్వాత ఆ మాట నేను ఎన్నిసార్లు, ఎంతమంది ముందు అన్నానో లెక్కలేదు. అనడం తేలిక కదా, నువ్వు జవాబు చెప్పేదాకా ఆగే పని ఉండదు.

1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక వ్యాసం రాశారు. చదువులో, ఉద్యోగంలో బాగా పైకొచ్చిన 150 మందికి పైగా ఆడవాళ్లని దగ్గరగా చూసి రాసింది. అంత సాధించి కూడా, మేం అందరినీ మోసం చేస్తున్నాం, ఏదో ఒకరోజు దొరికిపోతాం అన్న భయం వాళ్లని వదల్లేదు. ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నది దాన్నే. నన్ను ఆపేసింది ఆ పేరు కాదు, వాళ్లు చెప్పిన ఒక రకం ఇల్లు. అందులో ఇంకో బిడ్డకి తెలివైనవాడని పేరు, ఈ పిల్లకేమో సున్నితమైన మనసుదని పేరు. ఆ పిల్ల పెద్దయ్యాక ఎంత సాధించి చూపించినా ఆ పాత ముద్ర లోపల చెరిగిపోదట. చదువుతుంటే మన ముందుగదే కళ్ల ముందు కనపడింది. నన్ను క్షమించు తల్లీ. ఇది మాటవరసకి రాయడం లేదు.

ఆ మాట నేను ఎక్కడినుంచి తెచ్చుకున్నానో కూడా చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్‌లో రిపోర్ట్ చదవాల్సి వచ్చింది. చేతిలో కాగితం వణికి చప్పుడవుతోంది, గొంతు పైకి రావడం లేదు. "కాస్త మాక్కూడా వినిపించేలా చదవమ్మా" అన్నాడు పై అధికారి, గదంతా నవ్వింది. అంతే, రెండు నిమిషాలు కూడా పట్టని ఆ సంఘటనని పట్టుకుని నాకు నలుగురిలో మాట్లాడడం రాదని తేల్చేసుకుని పదకొండేళ్లు గడిపేశాను. రెండుసార్లు ప్రమోషన్ వద్దన్నాను, పిల్లలు చిన్నవాళ్లని సాకు చెప్పి. నేను రాసిన రిపోర్టులు వేరేవాళ్లు చదివేవాళ్లు, నేను వెనక కుర్చీలో కూర్చుని వాళ్లు తప్పు చదివిన అంకెలు లోపల్లోపలే దిద్దుకునేదాన్ని. మాట్లాడాల్సిన ప్రతిచోటా తప్పుకున్నాక, మాట్లాడగలనో లేదో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

చివరికి ఒకరోజు చదవాల్సినాయన రాలేదు, ఇంకెవరూ లేరు, నేనే లేచాను. అప్పుడూ గొంతు వణికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అయిపోయాక అందరూ అడిగింది మూడో పేజీలో ఖర్చు ఎందుకు పెరిగిందని. నా గొంతు గురించి ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు, పదకొండేళ్లు దేనికి భయపడ్డానో అని.

ఇప్పుడు నీ సంగతి. నిన్న నువ్వే చెప్పావు, కొత్తగా చేరిన ఆ అబ్బాయి పంపిన రిపోర్ట్ బాగోలేదని రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నువ్వే మొత్తం తిరగరాసి, పొద్దున్నే పైకి పంపేశానని. అతనికి ఏం చెప్పావే అంటే, "ఏం చెప్తానమ్మా, బాధపడతాడు" అన్నావు. ఆ అబ్బాయి ఆ ఫైల్ తెరిచి చూసుకునే ఉంటాడు. తను రాసిన వాక్యం ఒక్కటి కూడా అందులో ఉండదు. ఎక్కడ తప్పు చేశాడో తెలియదు, అడగాలంటే మొహమాటం, ఎలాగూ ఆవిడే రాసుకుంటుంది కదా అని తరవాతిసారి ఇంకాస్త తేలిగ్గా రాసి పంపుతాడు. అప్పుడు నువ్వు "చూశావా, నాకు చేయించడం రాదు" అంటావు.

చెప్పాలంటే నాకే కష్టంగా ఉంది గానీ, అతనికి నువ్వు చేస్తున్నది ఆరోజు నీకు నేను చేసిందే. జవాబు పెదాల మీదకి వచ్చేదాకా ఆగకుండా, అతని బదులు నువ్వు మాట్లాడేస్తున్నావు. అందులో ప్రేమ ఉంది, నాకు తెలుసు, నాలోనూ ఉంది. చేయించడం రాదనుకోవడం నీ ఒక్కదానికే సంబంధించిన విషయం అనుకుంటున్నావు, కానీ దాని బరువు నీ కింద పనిచేసే ఐదుగురి మీదా పడుతోంది.

నిన్న నేనన్న "చేయగలవులే" నీకెందుకు అంటలేదో కూడా ఆలోచించాను. ఒక పని నేను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని అల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్ 1977లో రాశాడు. సొంతంగా చేసి గట్టెక్కడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఎవరైనా ధైర్యం చెప్పడం, గుండెదడ లాంటివి వచ్చినప్పుడు దాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. అన్నిటికన్నా బలమైనది మొదటిది. నేను ఫోన్‌లో ఇచ్చింది మూడోది, అది ఎంతసేపు నిలుస్తుంది? కాబట్టి నమ్మకం వచ్చాక చేస్తానని కూర్చోకు. వణుకుతూనే చెయ్యి, చిన్నదే చెయ్యి. ఈ వారం ఆ అబ్బాయి రిపోర్ట్ వస్తే తిరగరాయకు. పక్కన కూర్చోబెట్టుకుని ఏ రెండు చోట్ల బాగోలేదో చెప్పి, ఎప్పటిలోగా కావాలో చెప్పి, వెనక్కి ఇచ్చెయ్యి. మీటింగ్‌లో ఒక ప్రశ్న అడిగి ఊరుకో. నిశ్శబ్దం వస్తుంది, నీకు టెన్షన్ వస్తుంది, నువ్వే జవాబు చెప్పేయాలనిపిస్తుంది. మనసులో పది లెక్కపెట్టు. ఎవరో ఒకరు మాట్లాడతారు.

ఇంకోటి, లీడ్ అంటే అన్నీ తెలిసుండాలి అన్నావు. 1990లలో ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీముల్లో మందుల విషయంలో జరిగే తప్పుల్ని పరిశీలించింది. మంచి టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుని వెళ్తే, లెక్కలో ఎక్కువ కనిపించాయట. తవ్వి చూస్తే, అక్కడ నర్సులు భయపడకుండా తప్పుని తప్పని చెప్పగలుగుతున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. నువ్వు ఒకసారి "ఇది నాకు తెలియదు, నువ్వు చెప్పు" అని చూడు, నీ టీమ్‌లో వాళ్లకి ఎంత ఊపిరి ఆడుతుందో.

అలాగని నువ్వు చెప్పినవన్నీ వట్టి అపోహలే అని కొట్టిపారేయడం లేదు. ఎనిమిదిమంది పని ఐదుగురితో చేయించమంటే అది నీ మనసులో లోపం కాదు, మనుషులు తక్కువ. అది నీ మీద వేసుకోకు, పైవాళ్ల దగ్గరికెళ్లి లెక్క చూపించి అడుగు. బడ్జెట్ వేయడం రాదన్నావు, అది నిజంగా రాదు, నేర్చుకుంటే వస్తుంది. "రాలేదు" వేరు, "నేను అలాంటిదాన్ని కాదు" వేరు. నువ్వు రెండిటినీ ఒకే గొంతుతో అంటున్నావు, అదే నా బాధ.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ అబ్బాయికి రిపోర్ట్ వెనక్కి ఇచ్చావా, ఏమన్నాడు, నువ్వేమన్నావు, మొత్తం చెప్పు. మధ్యలో ఆగి ఆలోచించుకోవాలనిపిస్తే ఆలోచించుకో. నేను ఈసారి మధ్యలో మాట్లాడను.

అమ్మ