ఒక ల్యాప్‌టాప్‌లో మూడు పైథాన్లా?

సంపాదకులు గారికి,

తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా అసిస్టెంటుగా చేస్తున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాక్టికల్స్ దగ్గరపడేకొద్దీ మా ల్యాబ్‌లో వినపడే మాట ఒకటే: "సార్, పాండాస్ ఎక్కించాను, అయినా లేదంటోంది." పాండాస్ అంటే పట్టికల్లోని డేటాతో పని చేయడానికి పైథాన్‌కి అదనంగా ఎక్కించుకునే సామాను.

మొన్న ఫైనలియర్ అమ్మాయి ఒకతె ల్యాప్‌టాప్ పట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చింది. కమాండ్లు కొట్టే నల్ల విండోలో పిప్ (ఇలాంటి సామాను ఎక్కించే కమాండ్) కొడితే 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్', అంటే ముందే ఉంది, అంటోంది. ప్రోగ్రాం నడిపితే 'నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్', అంటే ఆ పేరుతో ఏదీ లేదు, అంటోంది. నిజానికి రెండూ అబద్ధం చెప్పడం లేదు. ఆ నల్ల విండోలోనే 'వేర్ పైథాన్' అని కొట్టించాను. పైథాన్ ఉన్న చోట్లంటూ మూడు దారులు చూపించింది. ఒకటి ఏదో వర్క్‌షాపులో వేయించిన అనకొండ, అంటే పైథాన్‌తో పాటు బోలెడు సామాను కలిపి ఇచ్చే మూట. రెండోది ఫస్టియర్‌లో వేసుకున్న పైథాన్ 3.8 వెర్షన్; దానికి 2024 అక్టోబరుతోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. మూడోది అసలు పైథానే కాదు, కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకునే ఉత్తుత్తి ఫైలు.

అనకొండతో పాండాస్ ముందే వస్తుంది. ఆమె కొట్టిన పిప్ దానిదే, అందుకే 'ఉందిగా' అంది. ఈ పిల్ల ప్రోగ్రాం నడుపుతున్నదేమో 3.8 తో వచ్చిన ఐడిల్‌లో (ప్రోగ్రాం రాసి నడుపుకునే విండో). పక్కింటి డబ్బాలో బియ్యం పోసి మనింట్లో వెతికితే దొరుకుతాయా? ఐడిల్‌లో 'సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్' ప్రింట్ చేయిస్తే నడుస్తున్న పైథాన్ ఏదో బయటపడింది. పాండాస్ ఆ పైథాన్‌లోకే వెళ్లేలా, ఉత్త పిప్ కొట్టకుండా, నల్ల విండోలో ఆ పైథాన్ దారి పూర్తిగా రాసి, వెనకాల 'హైఫన్ ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అని కొట్టించాను. అంతే, పని అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె క్లాస్‌మేట్ ఒకడు ఇదే తిప్పలకి రిపేరు షాపులో 600 రూపాయలిచ్చి ఫార్మాట్ కొట్టించుకున్నాడు. సమస్య పోయింది, దాంతోపాటు ప్రాజెక్టు ఫోల్డరూ పోయింది.

తప్పు పిల్లలది కాదు. మా రికార్డు బుక్కు 'హలో వరల్డ్'తోనే మొదలవుతుంది. అసలు పైథాన్ ఎక్కడ కూర్చుంది, పాత్ (కమాండ్ కొడితే కంప్యూటర్ ప్రోగ్రాంను వెతికే ఫోల్డర్ల జాబితా) అంటే ఏమిటి, ఒక్కో ప్రాజెక్టుకి విడిగా 'వెన్వ్' (ఆ ప్రాజెక్టు సామాను వేరేగా ఉంచే ఫోల్డర్) ఎలా పెట్టుకోవాలి అన్నది ఎక్కడా లేదు. ఆ వెన్వ్ 2012లో 3.3 వెర్షన్ నుంచీ పైథాన్‌తోనే వస్తోంది, పైసా ఖర్చు లేదు. సిలబస్ రాసే పెద్దలు మొదటి ల్యాబ్ క్లాసు దీనికి వదిలితే చాలు. మీ విద్యా పేజీలోనైనా ఈ సంగతి తెలుగులో ఒకసారి వేయండి. మాకు ప్రాక్టికల్స్ ఇంకా మూడు వారాలున్నాయి.

అన్నట్టు, అనకొండ తీసేయమంటావా అని ఆ అమ్మాయిని అడిగాను. "వద్దు సార్, ఎప్పుడైనా పనికొస్తుందేమో" అంది.

- ఒక ల్యాబ్ అసిస్టెంటు, తెనాలి