నల్లరాయి వద్దు తమ్మీ, బూడిద పొర వెతుకు

డులూత్, మినెసోటా

చిరంజీవి తమ్మికి,

అక్క దీవెనలు. మన ప్రాణహిత లోయ దగ్గర నేల ఎప్పుడు చీలిందో కాలేజీ పిల్లలతోని లెక్క కట్టించాలని రాసినవు. ఫోన్‌లో చెప్తే సగం జారిపోతది, అందుకే కాయితం మీద పెడుతున్న.

ముందుగాల రాయి సంగతి. యవత్మాల్ దిక్కు నుంచి నువ్వు తెచ్చిపెట్టిన నల్లరాయి బసాల్టు. లావా అన్న సంగతి నిజమే గాని, వయసు చెప్పే జిర్కాన్ అనే సన్న ఖనిజపు గింజ అందులో దాదాపు దొరకదు. బసాల్టు శిలాద్రవం మస్తు వేడి, సిలికా తక్కువ. జిర్కాన్ కట్టే జిర్కోనియం మూలకం దాంట్లో కరిగే ఉంటది, జిర్కాన్ గింజ కట్టేలోపే రాయి గట్టిపడ్తది. అది పుట్టేది సిలికా ఎక్కువున్న రయోలైట్ అనే లావా రాయిలో, అగ్నిపర్వతపు బూడిద పొరల్లో. గాబ్రోలో (నేల లోపలనే చల్లారిన బసాల్టు తీరు రాయి) అయితే చిట్టచివర నిదానంగ చల్లారి, పెద్ద గింజలు కట్టిన మచ్చల్లో. దక్కను లావాలకు 2015లో జిర్కాన్ వయసు కట్టినప్పుడు కూడా గింజలు ఎక్కువ శాతం దొరికింది లావా పొరల నడుమనున్న ఎర్రమట్టిలో పడ్డ బూడిదలోనే.

నేనున్న ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డు కూడా ఒక చీలికే. సుమారు 110 కోట్ల ఏండ్ల కింద ఉత్తర అమెరికా నడిమిట్ల పగలబట్టింది గాని, సముద్రం తెరుచుకోకముందే ఆగిపోయింది. అడుగున్న అగ్నిశిల వయసు, పైనున్న దాని వయసు కడితే చీలిక సుమారు రెండున్నర కోట్ల ఏండ్లు నడిచినట్టు తేలుతది. ఇక్కడి డులూత్ గాబ్రో జిర్కాన్‌కు 1993లో 109.9 కోట్ల ఏండ్లని లెక్క కట్టిన్రు. ఆ గింజలనే చానా ల్యాబులు తమ మిషన్లు సరిచూసుకునే కొలతరాయిగ వాడుతయి.

జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తది, సీసాన్ని రానియ్యది. అంటే లోపల దొరికిన సీసం చానా మట్టుకు యురేనియం విరిగి వచ్చిందే. పైగా గడియారాలు రెండు: యురేనియం 238 సగమయ్యేది 446.8 కోట్ల ఏండ్లకు, 235 సగమయ్యేది 70.4 కోట్ల ఏండ్లకు. 110 కోట్ల ఏండ్ల గింజలో యురేనియం 238కి దాని నుంచి పుట్టిన సీసం నిష్పత్తి 0.186, 235కి దాని సీసం నిష్పత్తి 1.95 రావాలె. రెండూ ఒకే వయసు చెప్తే నమ్ము. చెప్పకుంటే సీసం కారిపోయిందనో, పాత గింజ కలిసిందనో అర్థం.

గింజలు వేరుచేసుడే అసలు పని. ఎండకు వానకు పుచ్చిన పై పెచ్చు కొట్టేసి, పచ్చిరాయి అయిదారు కిలోలు తీసుకోవాలె. క్రషర్‌లో నలగ్గొట్టి అర మిల్లీమీటరు జల్లెడ పట్టాలె. వాలు బల్ల మీద నీళ్లు పారిస్తే తేలికవి కొట్టుకపోతయి. మిగిలినదాన్ని అయస్కాంతానికి చూపించి, ఆపైన 3.3 సాంద్రత ఉన్న మిథిలీన్ అయొడైడ్ అనే బరువు ద్రవంలో వేస్తం. 2.65 ఉన్న క్వార్ట్జ్ తేలుతది, 4.6 దాటిన జిర్కాన్ మునుగుతది. ఆ ద్రవం విషం, పొగగూడు (ఆవిరిని బయటికి లాగే గూడు) లేకుండ సీసా మూత కూడ తియ్యొద్దు. ఆఖరుకు సూక్ష్మదర్శిని కింద, ఆల్కహాల్‌లో, పగుళ్లు లేని తేట గింజలను సన్న పట్కారుతోని ఒక్కొక్కటే ఏరుతం.

ఎక్కువ మంది నష్టపోయేది క్రషర్ దగ్గరే. ముందటి రాయి గింజ ఒక్కటి పండ్లల్లో ఇరుక్కున్నా నీ లెక్కలో కోట్ల ఏండ్లు తేడా వస్తది. ఒక రాయికీ ఇంకొక రాయికీ నడుమ మిషన్ విప్పి బ్రష్షు కొట్టి, ఉత్త క్వార్ట్జ్ ఒక వాయి ఆడించాలె.

ఇగ కొలిచే తీర్లు రెండు. లేజర్‌తోని ఇరవై ముప్పై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మచ్చ కాల్చితే నిమిషంలో వయసు వస్తది గాని, ఒకటి రెండు శాతం అటుఇటు. 110 కోట్లకు అది కోటి రెండు కోట్ల ఏండ్లు. రెండున్నర కోట్లే నడిచిన చీలికకు ఆ కొలత ఏం సరిపోతది? అందుకే గింజను 900 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు కాల్చి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తం. రేడియేషన్‌కు దెబ్బతిని సీసం కారిన భాగాలు కరిగిపోయి గట్టి భాగం మిగులుతది. దాన్ని పూర్తిగ కరిగించి కొలిస్తే 0.1 శాతంకన్న తక్కువ తేడా వస్తది. ఈ పద్ధతి 2005లో వచ్చింది. అప్పటి సంది పాత వయసులు చానా సరిచేసుకోవల్సి వచ్చింది.

మన సిరొంచ సంగతి వేరే, ఇది జాగ్రత్తగ చదువు. మన దగ్గరి కోటా ఊరి సున్నపురాయి, వడధం చెట్ల శిలాజాలు, బల్లార్‌పూర్ బొగ్గు ఉన్న ఆ గోండ్వానా అనే, మట్టి ఇసుక పేరుకొని కట్టిన పొరల్లో అగ్నిశిల లేదన్నట్టే. ఇసుకరాయి దంచితే జిర్కాన్ తప్పక దొరుకుతది గాని, అది ఎక్కడిదో పాత గ్రానైట్ అరిగి ఏటిలో కొట్టుకొచ్చిన గింజ. అది చెప్పేది ఒక్కటే: ఆ ఇసుక తనకన్న ముందు పడలేదని. ఎన్ని కోట్ల ఏండ్ల తర్వాత పడ్డదో చెప్పది. అందుకని గింజ వయసును లోయ వయసని పిల్లలతోని రాయించకు. ఆఖరుకు అన్నిట్లకన్న చిన్న వయసు కూడ ఒక్క గింజ మీద నమ్మొద్దు, వయసు కలిసే మూడు గింజలన్న ఉండాలె. ఇరవైలో ఒక వంతు ఉన్న గింజల గుంపు కూడ తప్పిపోవద్దంటే ఒక్క రాయి నుంచి 117 గింజలు కొలవాలని లెక్క ఉన్నది.

లోయ అంచుల్లో ఇంకా పాత, పాఖాల్ అనే రాతి పొరలున్నయి. వాటి నడుమ జేనెడు మందమైనా సరే, తెల్లగనో పచ్చగనో మెత్తటి పొర, ఇసుక తగలకుండ, మీదికీ కిందికీ గీత కోసినట్టు తెగి కనిపిస్తే అది బూడిద కావచ్చు. తవ్వి, గాలికి ఆనని లోపలి మట్టిని కొత్త ప్లాస్టిక్ సంచిలో వెయ్యి. పొర ఎటు వాలిందో, పైనేముంది కిందేముందో, జీపీఎస్ అంకె, సంచి మీద కాదు నోటుబుక్కులో రాయి, సంచి మీద రాత చెరిగిపోతది. వడధంలో మాత్రం గులకరాయి కూడ ముట్టొద్దు, అది రక్షిత జాగ.

బూడిద దొరికితే ఫోటోలో పక్కన రూపాయి బిళ్ల పెట్టి పంపు. నాయినకు, అమ్మకు నా దండాలు చెప్పు.

మీ అక్క