శతాబ్దాల వైరం అని తేల్చేయకండి

సంపాదకులకు నమస్కారం.

సిరియా యుద్ధం లెబనాన్‌కు పాకిన సంగతి వచ్చినప్పుడల్లా పత్రికలు ‘శతాబ్దాల మతవైరం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నాకు ఆ మాట మింగుడుపడదు.

లెబనాన్‌లోని ట్రిపోలీ నగరాన్నే తీసుకోండి. సున్నీల బాబ్ అల్ తబ్బానే, అలవీల (షియాల నుంచి వచ్చిన ఒక శాఖవాళ్లు) జబల్ మొహసిన్ పేటల మధ్య అడ్డం ఒక్క వీధే, పేరు సిరియా వీధి. అటూ ఇటూ బీదాబిక్కీయే. 1980ల నాటి పాత పగలున్న మాట నిజమే. కానీ 2011లో సరిహద్దు అవతల సిరియాలో నిప్పు రాజుకున్నాకే తుపాకులు మరింత జోరుగా లేచాయి. 2013లో లెబనాన్ షియాల సాయుధ పార్టీ హిజ్బుల్లా సిరియా ప్రభుత్వం తరఫున అక్కడి కుసైర్ పట్టణపు పోరులో బాహాటంగా దిగింది. ఆ ఏడాది ఆగస్టు 23న, శుక్రవారం నమాజు వేళ, ట్రిపోలీలో రెండు మసీదుల దగ్గర కారు బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. నమాజుకొచ్చినవాళ్లు వాళ్లు, యోధులు కారు! 2014 ఏప్రిల్‌లో లెబనాన్ సైన్యం గట్టిగా దిగేసరికి ఆ పేటల మధ్య కాల్పులు చాలావరకు ఆగాయి. శతాబ్దాల వైరమైతే అలా ఆగుతుందా?

మా నకిరేకల్ వైపు పల్లెల్లో మొహర్రానికి పీర్లను ఎత్తేది అన్ని కులాలవాళ్లూ. దట్టీలు కడతారు, మలీద పంచుకుంటారు. హసన్, హుస్సేన్‌ల పేర్లు మా ఇళ్లల్లో కొత్త కాదు. ఇలాంటి పాఠకులకు ‘వాళ్లంతే’ అన్న వార్త చాలదు. ఆయుధాలు ఎవరిచ్చారు, డబ్బెవరిది, కాల్పులు ఎవరు ఆపగలిగీ ఆపలేదు అన్నవి కూడా రాయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా